కంప్యూటర్, కరెంటు, గోడలోని ప్లగ్: బరంపురం నుంచి జయపురం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, జయపురం. దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్లలో కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నవాళ్లకి తెలుగువాళ్ల ఇళ్ల నుంచీ దుకాణాల నుంచీ వచ్చే ఫోన్లలో చాలావరకు చివరికి గోడలోని ప్లగ్ దగ్గరే తేలతాయి. ఎక్కువగా అడిగేవి ఇక్కడ ఒకచోట పెట్టాను. ఎవరికి కావలసింది వాళ్లు చదువుకోవచ్చు. మొదటి మూడు మాత్రం అందరూ చదవండి. ఎర్త్, అంటే దారి తప్పిన కరెంటుని భూమిలోకి దించే వైరు, సరిగ్గా లేని ఇంట్లో మిగతా జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా సగమే పనిచేస్తాయి.

సీపీయూ డబ్బా ముట్టుకుంటే చిమచిమలాడుతోంది. చార్జింగ్ పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ కూడా అంతే. ప్రమాదమా?

మీ ప్లగ్‌కి ఎర్త్ లేదని దాదాపు ఖాయం. కంప్యూటర్ లోపల కరెంటు మార్చే పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్‌లో, చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. అవి ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) నుంచీ న్యూట్రల్ (తిరిగి తీసుకెళ్లే వైరు) నుంచీ డబ్బా బాడీకి కలిపి ఉంటాయి. వాటి గుండా వచ్చే అతి చిన్న కరెంటు ఎర్త్ వైరులోంచి భూమిలోకి పోవాలి. ఆ దారి లేకపోతే బాడీ మీదే నిలుస్తుంది. అప్పుడు మల్టీమీటరు పెట్టి చూస్తే సరఫరాలో సగం, అంటే సుమారు 115 వోల్టులు చూపిస్తుంది. కరెంటు మాత్రం మిల్లీ ఆంపియరులో చిన్న భాగమే కాబట్టి చీమ పాకినట్టు అనిపించి ఊరుకుంటుంది.

ఆ చిమచిమ మనిషిని చంపదు. కానీ రేపు లోపల ఎక్కడో ఫేజ్ వైరు ఒరిసి బాడీకి తగిలిందనుకోండి, 230 వోల్టులూ అదే డబ్బా మీదికి వస్తాయి, దాన్ని దించడానికి ఎర్త్ ఉండదు. అప్పుడు ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతట అదే పడే స్విచ్చి) కూడా పడదు. ముట్టుకున్న మనిషే దారి అవుతాడు. ఇంకో నష్టం కూడా ఉంది. ఇలాంటి ఇంట్లో టీవీకో ప్రొజెక్టర్‌కో నడుస్తుండగా హెచ్‌డీఎంఐ (బొమ్మ, శబ్దం పంపే) వైరు గుచ్చితే పోర్టులు కాలిపోవచ్చు. "పోర్టు దానంతట అదే పోయింది" అని తెచ్చే సిస్టమ్‌ల విషయంలో నేను మొదట అడిగేది ఎర్త్ గురించే.

రబ్బరు చెప్పులు వేసుకుంటే చిమచిమ పోతుంది. ఎర్త్ లేకపోవడం మాత్రం పోదు.

రెండు పిన్నుల అడాప్టర్‌తో వచ్చే ల్యాప్‌టాప్‌లకి అసలు ఎర్త్ పిన్నే ఉండదు. ఎర్త్ బాగున్న ఇంట్లో కూడా వాటి లోహపు బాడీ కాస్త గరగరలాడుతుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు.

మా బోర్డులో మూడు రంధ్రాలున్నాయి. ఎర్త్ ఉన్నట్టే కదా?

కాదు. ఈ ప్రాంతపు పాత ఇళ్లలో పై రంధ్రం వెనక వైరే లేని బోర్డులు కోకొల్లలు. టెస్టర్ పెట్టి చూసి లాభం లేదు, అది ఫేజ్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది.

కరెంటు మిస్త్రీని పిలిచి మీ ఎదుటే మల్టీమీటరుతో చూపించమనండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 చుట్టుపక్కల, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య ఇంచుమించు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు రావాలి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య అంకె ఒక చోట నిలవకుండా ఊగుతుంటే ఎర్త్ లేనట్టే. అన్నీ సరిగ్గా చూపించినా నమ్మకండి. డిజిటల్ మీటరు తన గుండా దాదాపు కరెంటే పోనివ్వదు కాబట్టి నీరసమైన ఎర్త్ దగ్గర కూడా 230 అని చూపించేస్తుంది. అందుకే తెలిసిన మిస్త్రీలు ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల పాత బల్బు పెట్టి చూస్తారు. నిండుగా వెలిగితే ఎర్త్ పనిచేస్తోంది, మినుకుమంటే గొయ్యి ఎండిపోయింది. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే పడే స్విచ్చి) ఉంటే బల్బు వెలగకముందే అది పడిపోతుంది, అదీ మంచి గుర్తే.

ఒక దొంగపని గురించి చెప్పాలి. ఎర్త్ గొయ్యి తవ్వడం బరువై, బోర్డు వెనక ఎర్త్ రంధ్రాన్ని న్యూట్రల్‌కి ముక్క వైరుతో కలిపేసేవాళ్లు ఉన్నారు. మల్టీమీటరులో అంతా బాగానే కనిపిస్తుంది, చిమచిమ కూడా పోతుంది. కానీ స్తంభం దగ్గరో కరెంటు మీటరు దగ్గరో న్యూట్రల్ ఊడిన రోజున, ఆ ప్లగ్‌కి పెట్టిన ప్రతి ఇనప వస్తువు బాడీ మీదికీ ఫేజ్ వచ్చేస్తుంది. ఎర్త్ లేకపోవడం కంటే ఇది ఘోరం. బోర్డు విప్పించి చూడండి, ఆ ముక్క వైరు కనిపిస్తే తీయించేయండి.

ఎర్త్ ఎలా వేయించాలి? మాది అద్దె ఇల్లు.

పైపు ఎర్తింగ్ అయితే కరెంటు మీటరు దగ్గర రెండున్నర మూడు మీటర్ల లోతు గొయ్యి, అందులో జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు. బరంపురం వైపు మెత్తటి నేలలో సులువుగానే అయిపోతుంది. రాయగడ, కోరాపుట్ కొండల పక్కన రాతి నేల, ఎర్ర మొరం. అక్కడ వేసవి వచ్చేసరికి తడి ఆరిపోయి ఎర్త్ బలహీనపడుతుంది. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా అప్పుడప్పుడు గొయ్యిలో రెండు బకెట్ల నీళ్లు పోయాలి. కెమికల్ ఎర్తింగ్ అని కడ్డీతో వచ్చేది ఖర్చు ఎక్కువే గానీ రాతి నేలలో నేనైతే దాన్నే వేయించుకోమంటాను.

గొయ్యి తవ్వించి ఊరుకుంటే సరిపోదు. అక్కడి నుంచి మెయిన్ బోర్డుకి, మెయిన్ బోర్డు నుంచి కంప్యూటర్ ప్లగ్ దాకా పచ్చ వైరు రావాలి. చాలా ఇళ్లలో గొయ్యి ఉంటుంది, పైపు ఉంటుంది, మెయిన్ బోర్డు దాటి లోపలికి వైరు ఉండదు.

అద్దెకున్నవాళ్లు ఇల్లంతా చేయించక్కర్లేదు. కంప్యూటర్ పెట్టే ఒక్క ప్లగ్‌కి వైరు లాగించమని ఓనరుగారిని అడగండి. ఖర్చు పంచుకుంటామంటే ఎక్కువమంది కాదనరు. కిటికీ ఊచకో, పెరట్లో బోరింగుకో వైరు చుట్టేసి ఎర్త్ అనుకోవద్దు. మీ సీపీయూలో లోపం వస్తే నీళ్లు కొట్టుకుంటున్న పక్కింటావిడకి షాక్ తగులుతుంది.

పెద్ద పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల ప్లగ్‌లో పెట్టొచ్చా? కన్వర్టర్ పెడితే?

రెండూ వద్దు. ఆ పిన్నుని కావాలనే పొడుగ్గా చేస్తారు, ప్లగ్ పెట్టేటప్పుడు ఎర్త్ ముందు కలవాలి, తీసేటప్పుడు చివర విడిపోవాలి అని.

ఫేజ్ ఏ వైపు ఉండాలి? తారుమారైతే కంప్యూటర్ పాడవుతుందా?

ఎదురుగా నిలబడి చూస్తే, ఎర్త్ పైకి ఉన్నప్పుడు, కుడి రంధ్రం ఫేజ్, ఎడమది న్యూట్రల్. తారుమారైనా కంప్యూటర్ నడుస్తుంది, పాడవదు. అసలు చూడాల్సింది స్విచ్చి ఏ వైరు మీద ఉందన్నది. న్యూట్రల్ మీద ఉంటే, మీరు స్విచ్చి కట్టేసి హాయిగా సీపీయూ విప్పుతున్నప్పుడు కూడా లోపల ఫేజ్ అలాగే ఉంటుంది. అందుకని విప్పేముందు స్విచ్చి కట్టడంతో ఆగకుండా ప్లగ్ పీకేయండి. పీకాక పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు దిగిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ పెట్టెని మాత్రం ఇంట్లో ఎప్పుడూ విప్పకండి, దాని కెపాసిటర్లు ప్లగ్ తీశాక కూడా కొంతసేపు కరెంటు పట్టి ఉంచుతాయి.

ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద ఎన్ని పెట్టొచ్చు? మాది గుణుపురంలో జిరాక్స్ షాపు, ఒకటే ప్లగ్ ఉంది.

రంధ్రాలు లెక్కపెట్టకండి, వాట్లు లెక్కపెట్టండి. చిన్న ప్లగ్ 6 ఆంపియర్లది. 230తో గుణిస్తే 1,380 వాట్లు. అదే ఆ ప్లగ్‌కీ, దానికి తగిలించిన బాక్స్‌కీ కలిపి హద్దు. బాక్స్‌లో నాలుగు రంధ్రాలున్నా ఎనిమిదున్నా ఆ హద్దు మారదు.

మామూలు ఆఫీసు కంప్యూటర్, మానిటర్ కలిపి 100 నుంచి 200 వాట్లు. ల్యాప్‌టాప్ చార్జర్ 45 లేదా 65. ఇంకు ట్యాంకు ప్రింటర్ ముప్పై వాట్ల లోపు, రౌటర్ పది పదిహేను. ఇవన్నీ ఒక బాక్స్ మీద పెట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది వేడి పుట్టించే వాటితోనే. లేజర్ ప్రింటర్‌లో టోనర్‌ని కాగితానికి అతికించే రోలర్ వేడెక్కాలి. ప్రింటు మొదలైనప్పుడల్లా వందల వాట్లు ఒక్కసారిగా లాగుతుంది, అప్పుడే లైటు మసకబారుతుంది. పెద్ద జిరాక్స్ మెషీన్ అంతకంటే ఎక్కువ. లామినేషన్ మెషీన్ కూడా వేడి మీద నడిచేదే. ఆధార్ ప్రింటు తీస్తూ పక్కనే లామినేషన్ చేస్తూ, అదే బాక్స్ మీద టీకి కెటిల్ పెట్టే షాపులు మన వైపు చాలా ఉన్నాయి. కెటిల్ ఒక్కటే 1,500 వాట్లు, అంటే మిగతావి ఏవీ లేకపోయినా హద్దు దాటినట్టే.

మీ షాపుకి నా సలహా ఇది. జిరాక్స్ మెషీన్‌కి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో విడిగా 16 ఆంపియర్ల ప్లగ్ వేయించండి, దానికి సొంత ఎంసీబీ పెట్టించండి. కంప్యూటర్, చిన్న ప్రింటర్, రౌటర్‌కి ఒక బాక్స్. కెటిల్ ఇంటికి పంపేయండి, పక్కన టీ కొట్టు ఎలాగూ ఉంటుంది.

ఒక బాక్స్‌లో ఇంకో బాక్స్ గుచ్చొద్దు. ప్రతి అతుకు దగ్గరా వేడి పుడుతుంది, మొత్తం బరువు మొదటి బాక్స్ వైరు మీదే పడుతుంది. వారానికోసారి ప్లగ్ తల మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి నిలవకపోయినా, గోధుమ రంగు మచ్చ పడినా, కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చినా ఆ ప్లగ్ మార్చేదాకా వాడొద్దు.

ఏ ఎక్స్‌టెన్షన్ బాక్స్ కొనాలి? స్పైక్ గార్డ్ అని రాసి ఉంటే చాలా?

ఐఎస్‌ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు చూడండి. ఫోనులో బీఐఎస్ (ఐఎస్‌ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. ల్యాప్‌టాప్ అడాప్టర్ల మీద ఐఎస్‌ఐ బదులు ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, దాన్నీ అదే యాప్‌లో చూడొచ్చు. సంతలో కుప్పపోసి అమ్మే బాక్సుల్లో చాలావాటికి ఏ నంబరూ ఉండదు. లోపల సన్నటి వైరు, పైన మాత్రం పెద్ద అంకెలు.

స్పైక్ గార్డ్ అన్న పేరుకి విలువ రావాలంటే లోపల ఎంఓవీ అనే ముక్క ఉండాలి. వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరినప్పుడు అది ఆ దెబ్బని తన మీద వేసుకుంటుంది. ప్రతి దెబ్బకీ కొంత అరిగిపోతుంది కాబట్టి నాలుగైదేళ్ల పాత స్పైక్ గార్డ్ మామూలు బాక్స్‌తో సమానమనుకోండి. ఎంత దెబ్బ దాకా తట్టుకుంటుందో జౌల్స్ (శక్తి కొలత)లో రాసి ఉన్నదే కొనండి. ఎంఓవీ ఎక్కువగా ఆ దెబ్బని ఎర్త్‌లోకే తోస్తుంది, ఎర్త్ లేని గోడకి ఖరీదైన స్పైక్ గార్డ్ తగిలించి లాభం తక్కువ.

ఏ దేశపు పిన్నయినా పట్టే రంధ్రాలున్న బాక్సులు నాకు నచ్చవు. అన్నీ పట్టాలని చేసిన రంధ్రం దేన్నీ గట్టిగా పట్టుకోదు. వదులు పిన్ను దగ్గర నిప్పురవ్వలు వస్తాయి.

సీపీయూ వైరు, మానిటర్ వైరు ఒకటేనా? మార్చుకోవచ్చా?

రెండింటికీ వెనక అదే మూడు పలకల తల ఉంటే మార్చుకోవచ్చు. కొత్తది కొనేటప్పుడు చేతికి మరీ పలచగా, తేలిగ్గా అనిపించేది వద్దు.

బియ్యం, వేరుశెనగ నిలవుంచే ఇళ్లలో ఎలుకల బెడద ఉంటుంది. ఎలుక కొరికిన వైరుకి టేపు చుట్టి వాడకండి, వైరే మార్చేయండి. మంచం కాలి కింద, తలుపు సందులో వైరు నలగనివ్వకండి. చుట్ట చుట్టిన వైరు మీద ఎక్కువ లోడు పెడితే మధ్యలో వేడి చేరి కరిగిపోతుంది, వాడేటప్పుడు పూర్తిగా విప్పండి. ప్లగ్‌ని తల పట్టుకుని తీయండి, వైరు పట్టుకుని లాగొద్దు.

మా తమ్ముడు అమెరికా నుంచి ల్యాప్‌టాప్, ప్రింటర్ తెచ్చాడు. ఇక్కడ పెట్టొచ్చా?

అడాప్టర్ మీద సన్నటి అక్షరాల్లో ఇన్‌పుట్ ఎంతో రాసి ఉంటుంది. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే పెట్టొచ్చు. ల్యాప్‌టాప్‌లన్నీ దాదాపు ఇంతే. ప్రింటర్‌తో మాత్రం జాగ్రత్త, ముఖ్యంగా లేజర్ ప్రింటర్. అక్కడివి చాలావరకు 120 వోల్టులకే చేసినవి. మన 230 పెడితే పొగ వస్తుంది. పిన్ను మార్చే కన్వర్టర్ వోల్టేజీ మార్చదు.

ల్యాప్‌టాప్ సరిపోయినా దానితో వచ్చిన గోడ వైరు వాడొద్దు. ఆ ప్లగ్ మీద 125 వోల్టులు అని అచ్చు వేసి ఉంటుంది చూడండి. అడాప్టర్ అదే ఉంచి, గోడకి పెట్టే వైరు ఇక్కడ మూడు పిన్నులది కొనుక్కోండి.

యూపీఎస్‌కి ఏవేవి పెట్టాలి?

కంప్యూటర్, మానిటర్, రౌటర్. అంతే. 600 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) యూపీఎస్ అంటే సాధారణంగా 360 వాట్లే. లేజర్ ప్రింటర్ పెడితే మొదటి ప్రింటుకే ఓవర్‌లోడ్ అని అరుస్తుంది. కొన్ని యూపీఎస్‌ల వెనక కొన్ని రంధ్రాలకే బ్యాటరీ ఉంటుంది, మిగతావి ఉత్త ప్లగ్‌లే, పక్కన రాసింది చూసుకోండి. ప్లగ్ పీకినా యూపీఎస్ రంధ్రాల్లో 230 ఉంటుందని పిల్లలకి చెప్పండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. యూపీఎస్ కూడా కావాలా?

ల్యాప్‌టాప్‌కి అక్కర్లేదు. డెస్క్‌టాప్ అయితే ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్చి ఉందేమో చూడండి. ఆ మోడ్‌లో లైన్ నుంచి బ్యాటరీకి మారడం కొన్ని మిల్లీ సెకన్లలో అయిపోతుంది, కంప్యూటర్ ఆగదు. కొత్తగా కొంటే సైన్ వేవ్‌దే, అంటే లైన్ కరెంటులాగే నున్నటి అలగా ఇచ్చేదే తీసుకోండి.

ఉన్నట్టుండి బల్బులు తెల్లగా వెలిగి, ఫ్యాను విమానంలా తిరిగింది. తర్వాత రౌటర్, టీవీ పోయాయి. ఏమైంది?

మీ వీధి న్యూట్రల్ తెగింది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులూ ఒక న్యూట్రలూ వస్తాయి, ఇంటింటికీ ఒక ఫేజ్ పంచుతారు. న్యూట్రల్ గట్టిగా ఉన్నంతసేపే ప్రతి ఇంటికీ 230. అది తెగితే రెండు ఫేజుల మధ్య ఉన్న 400 వోల్టులు ఇళ్ల మధ్య లోడుని బట్టి పంచుకుంటాయి. ఏసీ, గ్రైండర్ నడిచే ఇంటికి తక్కువ వస్తుంది, ఒక బల్బూ రౌటరూ ఉన్న ఇంటికి మూడొందల పైన పోతుంది.

వెలుగు పెరగ్గానే ఏం పోయిందని చూస్తూ నిలబడకుండా మెయిన్ కట్టేయండి. తర్వాత ఫోన్ చేయండి. ఇళ్లలో దీనికి నిజమైన రక్షణ ఓవర్ వోల్టేజీ కటాఫ్, మెయిన్ బోర్డులో పెట్టించుకోవచ్చు. ఈదురుగాలులు వచ్చినప్పుడల్లా న్యూట్రల్ తెగే వీధి అయితే తప్పక పెట్టించండి.

పిడుగులు పడేటప్పుడు స్విచ్చి కట్టేస్తే సరిపోతుందా?

సరిపోదు. ఆకాశం నుంచి కిలోమీటర్లు దూకి వచ్చింది స్విచ్చిలోని మిల్లీమీటర్ల సందు దగ్గర ఆగదు. ప్లగ్ పీకేయాలి, రౌటర్ నుంచి వచ్చే లాన్ కేబుల్ కూడా తీసేయాలి. ఫైబర్ గాజు తీగ కాబట్టి దానిలోంచి పిడుగు రాదు, రౌటర్ అడాప్టర్‌లోంచి వస్తుంది. ఇదంతా ఉరుము వినపడక ముందే చేయండి. నెత్తిమీద ఉరుముతున్నప్పుడు వైర్లు ముట్టుకోవద్దు, సిస్టమ్ పోతే పోనీండి.

ఒడిశా ప్రభుత్వం 2015లోనే పిడుగుపాటుని రాష్ట్ర విపత్తుల జాబితాలో చేర్చింది. మార్చి నుంచి మే దాకా సాయంత్రాలు వచ్చే కాలవైశాఖి గాలివానల్లో జాగ్రత్తగా ఉండాలి. పుణె వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ మీ చుట్టుపక్కల పిడుగులు ఎక్కడ పడుతున్నాయో ముందుగా చెబుతుంది, ఉచితమే.

తుఫానులో ఇంట్లోకి నీళ్లొచ్చాయి. సీపీయూ తడిసింది. ఆరబెట్టి వేసుకోవచ్చా?

2013లో గోపాలపురం దగ్గర ఫైలిన్, 2018లో గజపతి జిల్లాని ముంచిన తిత్లీ చూసినవాళ్లకి ఈ ప్రశ్న కొత్త కాదు. ముందు ఇంటి సంగతి. నీళ్లు ప్లగ్‌ల ఎత్తు దాకా వచ్చి ఉంటే, మిస్త్రీ వచ్చి బోర్డులు విప్పి ఆరబెట్టేదాకా మెయిన్ వేయకండి. తడి నేల మీద నిలబడి మెయిన్ ముట్టుకోకండి. సీపీయూని ప్రయత్నించి చూద్దామని ఒక్కసారి కూడా ఆన్ చేయొద్దు. బురద నీళ్లలో ఉప్పు, మట్టి ఉంటాయి. పైకి ఆరినా బోర్డు మీద అవి కరెంటుకి దారి ఇస్తాయి. హార్డ్ డిస్క్‌లో ముఖ్యమైనవి ఉంటే అలాగే తెచ్చి బాగుచేసేవాళ్లకి ఇవ్వండి.

తుఫాను తర్వాత జనరేటర్ తెచ్చుకుని, రెండు చివరలా పిన్నులున్న వైరుతో గోడ ప్లగ్‌లోకే కరెంటు ఎక్కించే అలవాటు ఒకటి ఉంది. దయచేసి మానేయండి. మెయిన్ కట్టడం మరిచిపోతే ఆ కరెంటు మీటరు దాటి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి తిరగబడి స్తంభం మీది తీగకి వేల వోల్టులుగా చేరుతుంది. లైను చచ్చిందనుకుని పైకెక్కిన లైన్‌మ్యాన్ ప్రాణం పోతుంది. జనరేటర్ నుంచి బాక్స్‌కి, బాక్స్ నుంచి వస్తువుకి పెట్టుకోండి.

ప్లగ్ దగ్గర మంట వస్తే? ఎవరికైనా షాక్ తగిలితే?

మంటకి ముందు మెయిన్ కట్టండి, నీళ్లు పోయకండి. పొడి ఇసుక చల్లండి, లేదా పౌడర్, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వాడండి.

షాక్ తగిలిన మనిషిని ముట్టుకోకండి. మెయిన్ కట్టండి. మెయిన్ దూరంగా ఉంటే పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో వైరు నుంచి విడదీయండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ 108కి ఫోన్ చేయించండి. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. గుండె లయ తప్పడం కాసేపయ్యాక కూడా బయటపడొచ్చు.

ఫిర్యాదు ఎవరికి చేయాలి?

మీటరు దాకా కరెంటు కంపెనీది, మీటరు తర్వాత మీది. దక్షిణ ఒడిశా జిల్లాల్లో 2021 జనవరి 1 నుంచి సరఫరా చూస్తున్నది టాటా పవర్ వాళ్ల టీపీఎస్‌ఓడీఎల్. వోల్టేజీ ఊగడం, న్యూట్రల్ వదులవడం, స్తంభం దగ్గర నిప్పురవ్వలు, ఇవన్నీ వాళ్ల పని. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. పాతపట్నం, ఇచ్ఛాపురం వైపు తీసుకున్న ఆంధ్రా సిమ్ వాడుతుంటే, కాల్ ఏ రాష్ట్రం ఆఫీసుకి కలిసిందో ముందు కనుక్కుని అప్పుడు ఊరి పేరు చెప్పండి. కరెంటు బిల్లు మీద ఉన్న నంబరు ఫోనులో వేసుకోవడం ఇంకా మేలు.

యూపీఎస్ బ్యాటరీ ఉబ్బింది. పారేయొచ్చా?

చెత్తలో వేయకండి, లోపల సీసం, యాసిడ్ ఉంటాయి. కొత్త బ్యాటరీ కొన్న షాపులో పాతది ఇచ్చేస్తే కొంత ధర తగ్గిస్తారు. ఉబ్బిందని చూసిన రోజే యూపీఎస్ ఆపి, ప్లగ్ పీకేయండి, కొత్తది తెచ్చేదాకా వాడొద్దు.